తొమ్మిదో నంబరు బిళ్ల

బడాయికి భయమంటే ఏమిటో తెలియదు. చీకటి గానీ, శవాల గది గానీ, మేడంగారి కోపం గానీ, దేనికైనా ఎదురెళ్లి నిలబడే మనిషి. ఈ మాట ఎవరన్నారంటే, బడాయే అన్నాడు. అన్న రోజునే కీబోర్డు కిందినుంచి బొద్దింక పిల్ల ఒకటి మీసాలు ఆడిస్తూ బయటికొస్తే కుర్చీ ఎక్కేశాడు. ఆ కుర్చీకి చక్రాలున్నాయన్న సంగతి కిందపడ్డాక గుర్తొచ్చింది. అందుకే ఆఫీసులో ఆ పేరు. అసలు పేరు జీతం కాగితం మీద ఉంటుంది, దాన్ని ఎవరూ వాడరు.

బడాయి ఉద్యోగం ఒక పెద్ద ఆసుపత్రి అడుగు అంతస్తులో. కిటికీల్లేని గది. మిట్టమధ్యాహ్నమైనా ట్యూబులైటు వెలిగించుకోవాల్సిందే. పైన ఐదంతస్తుల్లో ఉన్న రోగుల వివరాలన్నీ ఒక డేటాబేస్‌లో ఉంటాయి. పేరు, వయసు, బ్లడ్ గ్రూపు, వేసిన మందు, పుట్టిన టైము, పోయిన టైము. దాన్ని కనిపెట్టుకుని ఉండడమే అతని పని. ఆ ఆదివారం మాత్రం పనితో పాటు ఇంకో సంగతి కూడా ఉంది. మూడో అంతస్తులో అక్క పురిటినొప్పులు పడుతోంది. బావ పక్కనే ఉన్నాడు. తమ్ముడేమో కింద.

"ఒరేయ్, నేనిక్కడ చస్తుంటే నువ్వు ఏసీలో కూర్చున్నావట్రా?" ఒంటిగంటన్నరకి అక్క ఫోను.

"నీ వివరాలు ఒక్క అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయంటే ఎవరి వల్లనుకున్నావు? నేనుండగా నీకేం కాదు."

"అబ్బో. బొద్దింకని అడుగుతా," అని, మధ్యలో నొప్పి వచ్చి ఫోను పెట్టేసింది.

అతని గదిని ఆనుకుని పదిహేనడుగుల నడవా. నడవా చివర ఇనపతలుపు. తలుపవతల మెషీన్ గది. అందులో రెండు సర్వర్లు. ఒకదాన్ని పెద్దది అంటారు, రెండోదాన్ని చిన్నది అంటారు. రెండింటికీ కలిపి డిస్కుల బీరువా ఒక్కటే, వివరాలన్నీ అందులోనే. ఒకసారికి ఒక్క సర్వరే ఆ బీరువాలో రాయాలి. రెండూ రాశాయంటే ఇది రాసింది అది చెరుపుతుంది, అది రాసింది ఇది తిరగరాస్తుంది. ఒక్క గిన్నెలో ఇద్దరు ఎవరికి వాళ్లు ఉప్పు వేసినట్టన్నమాట. అలా కాకుండా ఉండాలని, ముందు లేచిన సర్వర్ బీరువాలో ఒక చిన్న ఫైలు పెడుతుంది. ఫలానా సర్వర్, ఫలానా నంబరు ప్రాసెస్, అంటే నడుస్తున్న పని, లోపల ఉన్నాను అని. అదే లాక్ ఫైల్. రెండోది లేవబోతూ ముందు దాన్ని చూస్తుంది. ఫైలు కనిపిస్తే నోరు మూసుకుని ఆగిపోతుంది.

బాగానే ఉంది. కానీ కరెంటు పోయి సర్వర్ ఉన్నపళంగా చచ్చిపోతే, ఫైలు తీసేవాళ్లు లేక అక్కడే ఉండిపోతుంది. పోయిన మనిషి చెప్పులు గుమ్మం ముందు ఉండిపోయినట్టు. అప్పుడు ఎవరో ఒకరు ఆ గదిలోకి వెళ్లి, ఆ సర్వర్ నిజంగా ఆగిపోయిందని కంటితో చూసి, ఆ తర్వాతే ఫైలు చెరపాలి.

ఈ నియమం పెట్టింది మాస్టారు. ఏ బడిలోనూ పాఠాలు చెప్పలేదు గానీ కనిపించిన ప్రతివాడికీ నీతులు చెప్పేవారు కాబట్టి ఆ పేరు స్థిరపడింది. బడాయికి పని నేర్పింది ఆయనే. సర్వర్లకి పెట్టిన నియమమే ఆయన మనుషులకీ పెట్టారు. మెషీన్ గదిలో మంట పుడితే నీళ్లు చల్లరు, గ్యాస్ వదులుతారు. మంటతో పాటు మనిషి ఊపిరిని కూడా ఆపేసే గ్యాస్ అది. అందుకని అక్కడ పనిచేసే ఒక్కొక్కరికీ నంబరు వేసిన రేకు బిళ్ల ఇచ్చారు. లోపలికి వెళ్లేవాడు గుమ్మం పక్కనున్న మేకుకి తన బిళ్ల తగిలించి, గ్యాస్ మీటని 'ఆపు' వైపు తిప్పి వెళ్లాలి. బయటికొచ్చాక బిళ్ల తీసి, మీటని మళ్లీ 'ఆటో' వైపు తిప్పాలి.

"బిళ్ల కనబడితే లోపల మనిషి ఉన్నట్టే," అనేవారు మాస్టారు. "పాతదేమో, మర్చిపోయాడేమో అని నీ ఇష్టమొచ్చినట్టు తియ్యకు. వెళ్లి చూడు. చూశావా అని అడిగితే, చూశాను అని చెప్పగలగాలి."

రెండేళ్ల కిందట మాస్టారు చిన్నదాని దగ్గర పనిలో ఉండగా, మేకు మీదున్న ఆయన బిళ్లని ఎవరో తీసేశారు. మర్చిపోయి వెళ్లిపోయి ఉంటారు అనుకుని మీట తిప్పేశారు. చిన్నదాంట్లో ఏదో కాలి, చారెడు పొగ వచ్చింది, ఆటోలో ఉన్న గ్యాస్ దానంతటదే వదిలింది. ఇనపతలుపు లోపలివైపు ఆయన పిడికిలి గుద్దిన గుర్తులు నాలుగు ఇప్పటికీ ఉన్నాయి. తీసింది నేనేనని ఎవరూ ఒప్పుకోలేదు. ఆ రోజు నుంచి చిన్నదాన్ని వాడడం మానేశారు. దాని కరెంటు వైరు ఊడదీసి నేలమీద వదిలేశారు.

బడాయి బిళ్ల నంబరు తొమ్మిది. ఏమీ తోచనప్పుడల్లా దాన్ని కొరికే అలవాటు. అంచున పంటిగాట్లు మూడు, వరసగా.

*

రెండూ ఐదుకి కరెంటు పోయింది. జనరేటరు అందుకోవడానికి పది సెకన్లు పట్టింది. ఆ పది సెకన్లు బ్యాటరీలు ఆగలేకపోయాయి. పెద్దది పడిపోయింది.

పడిపోవడం కొత్తేమీ కాదు. బడాయి తన బల్ల దగ్గరనుంచే దాన్ని లేపబోయాడు. లేవలేదు. స్క్రీన్ మీద ఒక్క వరుస వచ్చింది.

లాక్ ఫైల్ ఉంది. చిన్నది, ప్రాసెస్ 417. ఇప్పటికే పనిచేస్తోంది.

బడాయి నోట్లో ఉన్న బిళ్లని తీసి జేబులో వేసుకున్నాడు. పెద్దదాని పాత ఫైలు ఉండిపోయిందంటే అర్థముంది. చిన్నది ఎలా వస్తుంది? దానికి వైరే లేదు కదా?

మేడంకి ఫోన్ చేశాడు. ఆవిడ అతని పైఅధికారి. ఆదివారం ఫోన్ చేస్తే తిట్టడం ఆవిడ హక్కు.

"ఏం తగలబెట్టావు?"

"మేడం, లాక్ ఫైల్‌లో చిన్నదాని పేరుంది. నాలుగు వందల పదిహేడు అని నంబరు."

అవతల టీవీ చప్పుడు ఆగిపోయింది.

"మేడం?"

"వెళ్లి చూడు," అంది మేడం. గొంతులో తిట్టు లేదు. అదే అతనికి నచ్చలేదు. "చూడకుండా చెరపకు. కంటితో చూడు. విన్నావా? లోపలికి వెళ్లి, కంటితో."

"చిటికెలో చూసొస్తా మేడం. నాకేం భయం?"

ఈలోగా మూడో అంతస్తు నర్సు నుంచి రెండు ఫోన్లు. స్క్రీన్లన్నీ ఆగిపోయాయి, పురిటి గదిలో ముగ్గురున్నారు, ఎవరి కాగితం ఎవరిదో తెలియడం లేదు, అసలు మీరున్నారా పోయారా అని. బడాయి లేచి నడవాలోకి వెళ్లాడు. రెండు నిమిషాల్లో తిరిగొచ్చాడు. చేతిలో ఒక రేకు బిళ్ల. దాన్ని సొరుగులోకి గిరవాటేసి, మేడంకి ఫోన్ చేశాడు.

"చూశాను మేడం. చిన్నది చచ్చి, చల్లబడి ఉంది."

"మేకు మీద బిళ్లలేమైనా ఉన్నాయా?"

"ఒకటుంది మేడం. ఎవరో మర్చిపోయారు. తీసి, మీట ఆటోలో పెట్టేశాను."

"లోపల చూశాకే కదా?"

"చూశాకే."

లాక్ ఫైల్ చెరిపాడు. పెద్దది ఒళ్లు విరుచుకుని లేచింది. స్క్రీన్లు వెలిగాయి. బడాయికి హుషారొచ్చి బావకి ఫోన్ కలిపాడు.

"బావా, పాపే పుడుతుంది. రాసిపెట్టుకో."

"నీకెవరు చెప్పార్రా?"

"నాకు తెలుస్తాయి బావా అలాంటివి. పందెమా?"

"పందెం. పాపైతే మీసం తీసేస్తా." ఆ మీసం తొమ్మిదేళ్లనాటిది. పెళ్లిఫోటోలో అక్క కన్నా ముందు అదే కనిపిస్తుంది.

రెండూ యాభైకి బావ ఫోన్ చేశాడు. "పాపరా! పాప! అచ్చం మీ అక్క ముక్కే. మీసం సంగతి తర్వాత మాట్లాడుకుందాం."

బడాయి కుర్చీలో గుండ్రంగా తిరిగాడు. ఒకసారి, రెండుసార్లు. మూడోసారి తిరుగుతుండగా ఫోన్ మళ్లీ మోగింది. నర్సు.

"సార్, మీ అక్కగారికి రక్తం పోతోంది. రక్తం ఎక్కించాలి. ఇందాక స్క్రీన్‌లో ఓ పాజిటివ్ అని ఉంది, ఇప్పుడు చూస్తే బి పాజిటివ్ అంటోంది. ఏది నమ్మాలి?"

కుర్చీ ఆగిపోయింది.

అక్క వివరాలు తెరిచాడు. బి పాజిటివ్. కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. ఓ పాజిటివ్. చూస్తూండగానే ఓ చెరిగిపోయి బి వచ్చింది. బి పోయి ఓ. బి. ఇద్దరు పిల్లలు ఒకే పలక కోసం పెనుగులాడుతున్నట్టు. వయసు ముప్పై ఒకటల్లా డెబ్బై అయింది. గది మారింది. చిట్టచివర ఎప్పుడూ ఖాళీగా ఉండే గడి ఒకటుంది. పోయిన టైము.

అందులో ఎవరో తాపీగా, ఒక్కొక్క అంకే వేస్తున్నారు.

3... 4... 0...

గోడ గడియారం వైపు చూశాడు. మూడూ ఏడు.

రెండు సర్వర్లు రాస్తున్నాయి. ఒకటి తను లేపింది. రెండోది...

బల్ల దగ్గరనుంచే గబగబా పెద్దదాన్ని ఆపేశాడు. ఇప్పుడు రాసేవాళ్లు ఎవరూ ఉండకూడదు. పైన స్క్రీన్లన్నీ ఆరిపోవాలి. నర్సుకి ఫోన్ చేశాడు.

"మీ స్క్రీన్ ఆగిపోయిందా?"

"లేదే. ఇందాకటికంటే ఫాస్టుగా ఉంది. ఏం చేశారో గానీ బాగుంది సార్."

బడాయి ఫోన్ పెట్టేశాడు. లాక్ ఫైల్ తెరిచాడు. చిన్నది, 417. చెరిపాడు. వెంటనే వచ్చింది. చెరిపాడు. వేలు కీబోర్డు మీదినుంచి లేవకముందే వచ్చింది. మళ్లీ చెరపబోతే, ఆ కింద రెండో వరుస ఒకటి మొలిచింది. ఏ సర్వరూ లాక్ ఫైల్‌లో అలాంటిది రాయదు.

చూశావా?

*

"బావా, జాగ్రత్తగా విను. స్క్రీన్‌లో ఉన్నదేదీ నమ్మొద్దు. అక్క రక్తం తీయించి, చేత్తో పరీక్ష చేయించు. అది తేలేదాకా ఏ సంచీ తగిలించనివ్వకు."

"ఇప్పుడే తెచ్చార్రా సంచి. డాక్టరు తొందరపడుతున్నాడు. కోప్పడతాడు."

"కోప్పడనీ. అడ్డంగా పడుకో. కాళ్లు పట్టుకో. ఏదైనా చెయ్యి బావా, నీకు దండం పెడతా."

బడాయి దండం పెడతానన్నాడంటే ఏదో జరిగిందని బావకి అర్థమైంది. ఇంకేమీ అడగలేదు.

కానీ బావ ఎంతసేపని ఆపగలడు? ఆపినా మూడూ నలభై ఆ గడిలోంచి కదలడం లేదు. మెషీన్ గదికి కరెంటు తీసేద్దామంటే బోర్డు తాళం ఎలక్ట్రీషియన్ దగ్గరుంది. అందరూ కరెంటు మామ అంటారాయన్ని.

"మామా, మెషీన్ గది కరెంటు తీసెయ్యాలి. ఇప్పుడే."

"జనరేటరు దగ్గరున్నానురా అల్లుడూ, ఆ చివర. వచ్చేసరికి పావుగంట."

మూడున్నర కావస్తోంది. బడాయి నడవాలోకి వచ్చాడు.

పదిహేనడుగులు. రోజూ ఫోన్ చూసుకుంటూ నడిచే దూరం. ఇవాళ చివరిదాకా వెళ్లడానికి ఎన్ని అంగలు వేశాడో అతనికే తెలియదు. ఇనపతలుపు సన్నగా అదురుతోంది. కింది సందులోంచి చల్లగాలి చీలమండలకి తగులుతోంది. ఆ గాలిలో కాలిన దుమ్ము వాసన, దాని వెనకాల తడిసిన ఇనుము వాసన... నోట్లో నాణెం పెట్టుకున్నట్టు.

మేకు ఖాళీగా ఉంది. జేబులోంచి తన బిళ్ల తీశాడు. తొమ్మిది. రెండుసార్లు మేకు తప్పి జారిపోయింది, మూడోసారి తగిలించాడు. మీట 'ఆపు' వైపు తిప్పాడు. తలుపు తోశాడు.

లోపల రొద. వందల ఫ్యాన్లు ఒక్కసారిగా తిరిగే రొద. పెద్దదాన్ని తను ఆపేశాడు, దాని దీపాలన్నీ ఆరి ఉన్నాయి. మరి ఈ ఫ్యాన్లు ఎవరివి? వెనక తలుపు దానంతటది మూసుకుంది.

మూల నుంచి పచ్చటి వెలుగు వస్తోంది. చిన్నది. రెండేళ్లుగా ముట్టుకోని దుమ్ములోంచి ఒక్క కన్ను తెరిచినట్టు ఒకే దీపం. కరెంటు వైరు నేలమీద ఉంది, కొస గాలిలోకి లేచి... కాదు, నేలమీదే ఉంది. నేలమీదే ఉందని మూడుసార్లు చెప్పుకున్నాడు. చిన్నదాని మీద చెయ్యి పెట్టి చూశాడు. జ్వరం వచ్చిన నుదురులా కాలిపోతోంది.

దాని మీది పాత స్క్రీన్‌లో వరసలు పరుగెడుతున్నాయి. పేర్లు. పేర్లు. పేర్ల చివర టైములు. మూడూ నలభై. మూడూ నలభై. ఐదంతస్తుల జనం. ఆ పరుగు ఒక్కసారిగా ఆగింది. అక్క పేరు దగ్గర.

అక్క పేరులో చివరి అక్షరం చెరిగింది. దాని ముందుది చెరిగింది. పేరంతా పోయింది. ఖాళీ అయిన చోట కొత్త అక్షరాలు పడసాగాయి. ఒక్కొక్కటీ తీరిగ్గా. పాఠం రాయిస్తున్నట్టు.

జీతం కాగితం మీద తప్ప ఎవరూ వాడని పేరు.

"చూశావా?"

స్క్రీన్ కాదు. చెవి పక్కన. ఊపిరి లేని మాట. ఎండిపోయిన గొంతులోంచి గీసుకుంటూ వచ్చిన మాట.

"మాస్టారూ..."

"చూశావా?"

"త... తప్పయిపోయింది మాస్టారూ..."

"చూశావా అని అడుగుతున్నా."

చిన్నదాని వెనకనుంచి డిస్కుల బీరువాకి లావాటి వైరు ఒకటి పోతుంది. అది ఊడితే చిన్నది ఏమీ రాయలేదు. బడాయి దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. లాగాడు. రాలేదు. అవతల కూడా ఎవరో పట్టుకుని ఉన్నట్టు బిగుసుకుని ఉంది. అవతల బీరువా, దాని వెనక గోడ. పట్టుకోవడానికి ఎవరున్నారు?

కాలు గోడకి తన్నిపెట్టి మళ్లీ లాగబోతుండగా వినిపించింది. బయట. నడవాలో. అడుగుల చప్పుడు.

ప్రాణం లేచొచ్చింది. కరెంటు మామ!

అడుగులు తలుపు దగ్గర ఆగాయి. ఎవరో గొంతు సవరించుకున్నారు. లోపలికి రావడానికి ఇష్టంలేని మనిషి, పనైపోవాలని అడిగినట్టు అడిగారు.

"లోపల ఎవరైనా ఉన్నారా?"

బడాయి నోరు తెరిచాడు. అతని నోట్లోంచి మాట వచ్చేలోగా, అతని భుజం పక్కనుంచి, ఎంతో మామూలుగా, ఎంతో మర్యాదగా, ఇంకెవరో జవాబిచ్చారు.

"ఎవరూ లేరు."

"ఉన్నాను!" అరిచాడు బడాయి. "నేనున్నాను! లోపలున్నాను! తియ్యకు... బిళ్ల తియ్యకు బాబూ! మా అక్కకి పాప పుట్టింది... నేనింకా చూడలేదు..."

ఫ్యాన్ల రొద ఆ మాటల్ని నమిలేసింది.

బయట రేకు చప్పుడు. టింగ్. బిళ్ల మేకు మీదినుంచి లేచింది.

ఆ తర్వాత, టక్. మీట.

అడుగులు వెళ్లిపోయాయి. వచ్చినప్పటికంటే వేగంగా.

బడాయి ఏడుస్తూ, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి వైరు లాగాడు. ఈసారి వచ్చింది. వస్తూ నిప్పురవ్వ చిమ్మింది. చిన్నదాని ఒంటి కన్ను ఆరిపోయింది. దాని ముందున్న జాలీలోంచి సన్నటి పొగ... చారెడు పొగ...

సైరను మోగింది. లైట్లు పోయాయి.

ముప్పై సెకన్లు. ఆ గదిలో చేరిన మొదటి రోజే మాస్టారు కంఠతా పట్టించారు. సైరను మొదలైన ముప్పై సెకన్లకి గ్యాస్.

తలుపు ఎటువైపు? చేతులు చాపి పరుగెత్తాడు. బీరువాకి గుద్దుకుని పడ్డాడు. పాకాడు. గోడ. గోడ. మళ్లీ గోడ. ఇరవై సెకన్లయి ఉంటాయి. చేతికి ఇనుము తగిలింది. సొట్టలు. నాలుగు సొట్టలు. పిడికిలి పెడితే సరిగ్గా సరిపోయేంత. తలుపు ఇదే. గడియ తిప్పాడు. తిరగలేదు. అవతలినుంచి పట్టుకున్నట్టు కూడా లేదు. అతని చేతిమీదే ఇంకో చెయ్యి ఉంది. చల్లగా. ఓపిగ్గా. తిరగనివ్వకుండా.

"చూశావా?"

"లేదు!" అని అరిచాడు బడాయి. "చూడలేదు! చూడలేదు మాస్టారూ! చూడలేదు!"

చెయ్యి తీసేసినట్టయింది. తలుపు తెరుచుకుంది. కరెంటు మామ అతని చొక్కా పట్టుకుని నడవాలోకి ఈడ్చాడు. వెనకాల బుస్సుమని గ్యాస్.

గోడ గడియారంలో మూడూ నలభై.

*

అక్క బతికింది. చేత్తో చేసిన పరీక్షలో ఓ పాజిటివ్ అని తేలింది. అప్పటికే తగిలించడానికి సిద్ధంగా ఉన్న సంచి మీద బి అని ఉంది. బావ నిజంగానే డాక్టరు కాళ్లు పట్టుకున్నాడట. మిగతా వివరాలన్నీ ముందు రోజు తీసిపెట్టిన కాపీలోంచి మళ్లీ ఎక్కించారు.

నడవాలో తనకి ఎవరూ ఎదురుపడలేదన్నాడు కరెంటు మామ. మేకు మీద బిళ్ల లేదన్నాడు, మీట ఆటోలో ఉందన్నాడు. "బిళ్ల పెట్టకుండా లోపలికెళ్లావు కదరా వెధవా," అని రెండు తిట్లు కూడా తిట్టాడు. మేడం ఏమీ తిట్టలేదు. 417 అన్నది మాస్టారు పోయిన రోజు చిన్నదాని మీద నడుస్తున్న ప్రాసెస్ నంబరని మాత్రం చెప్పింది. ఆ ముక్క చెప్పేటప్పుడు ఆవిడ చేతులు ఒడిలో ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి. మర్నాడే ఉద్యోగం మానేసింది.

నాలుగో రోజు బడాయి అక్క మంచం పక్కన కూర్చున్నాడు. ఒళ్లో మేనకోడలు, ముక్కు చిట్లించి నిద్రపోతోంది. ఇవతలి కుర్చీలో బావ. పందెం ప్రకారం నున్నగా గీసుకున్న పైపెదవిని వేలితో తడుముకుంటున్నాడు. మీసం లేని బావని చూస్తే ఎవరో పరాయివాడు వచ్చి కూర్చున్నట్టుంది.

"కథంతా బాగుంది గానీ," అంది అక్క, "మొదటిసారి వెళ్లావే, ఫైలు చెరపడానికి ముందు. అప్పుడు లోపలికెళ్లి చూశావా?"

"ఆ. చూశాను."

"నా మొహం చూసి చెప్పు."

బడాయి మొహం చూడలేదు. జేబులోంచి రేకు బిళ్ల తీసి దుప్పటి మీద పెట్టాడు. "ఇది పొద్దున నా సొరుగులో దొరికింది. అప్పుడు మేకు మీదినుంచి తీసి పడేసినది ఇదే. నంబరు చూడలేదు అప్పుడు."

అక్క దాన్ని తిప్పి చూసింది. తొమ్మిది. అంచున వరసగా మూడు పంటిగాట్లు.

"నీదేగా?"

"నాది అప్పటికి నా జేబులోనే ఉందక్కా. మూడున్నరకి దాన్ని మేకుకి తగిలించాను. మళ్లీ కనపడలేదు."

పాప నిద్రలో పెదవులు కదిపింది.

"లోపలికి వెళ్లలేదక్కా," అన్నాడు బడాయి చివరికి. చెవులు ఎర్రబడ్డాయి. "భయమేసింది. మాస్టారు పోయాక ఒక్కడినే ఆ గదిలోకి ఎప్పుడూ వెళ్లలేదు. రెండేళ్లుగా కరెంటు మామని తోడు తీసుకెళ్తున్నా. ఆ రోజు మామ లేడు. గుమ్మం బయటే నిలబడి అడిగాను. లోపల ఎవరైనా ఉన్నారా అని."

అక్క నవ్వబోయింది. "చచ్చిన సర్వర్ని పట్టుకుని?"

"జవాబొచ్చింది. ఎవరూ లేరు అని."

అక్క నవ్వు సగంలో ఆగిపోయింది.

"హమ్మయ్య అనుకున్నాను అక్కా. నిజంగా. ఎవరూ లేరని చెప్పిందెవరని కూడా ఆలోచించలేదు. వెంటనే ఇంకో గొంతు వినిపించింది. సన్నగా. ఏడుస్తూ. ఫ్యాన్ల చప్పుడేలే అని సర్దిచెప్పుకుని, బిళ్ల తీసి, మీట తిప్పి, వచ్చేశాను." బడాయి బావ వైపు చూశాడు. నున్నటి ఆ పెదవి వైపు. "పందెం నేను గెలవలేదు బావా. పాపే అని నాకేం తెలుసు? ఆ ఏడ్చేవాడు అరిచాడు. మా అక్కకి పాప పుట్టింది, నేనింకా చూడలేదు అని."